దారం తెగుతుందని తీసిన తాళం

జూన్ 28, శనివారం

చెప్పు. నువ్వు కళ్ళు మూసుకున్నాక నీ కారుకు కాపలా ఎవరు?

ఇవాళ సత్సంగం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. అశోక్‌నగర్ హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మొన్న రాంనగర్‌లో ఒక కారు, నిన్న మన వెనక వీధిలో ఒక కారు పోయాయి. అందరి గుండెల్లో అదే ఉంది. గ్రంథం తెరవలేదు. ఎర్రగుడ్డలో చుట్టిన దాన్ని అలాగే రొమ్ముకు ఆనించుకుని ఒక్కొక్కరి ముఖంలోకి చూశాను.

"తాళమా? తాళం చేసిందీ మనిషే, విప్పేదీ మనిషే. అలారమా? పక్కింట్ల మనిషి మొత్తుకుంటెనే లేవని ఊరు, అలారం మొత్తుకుంటె లేస్తదా? ఈ శరీరమే రథమని శాస్త్రం చెప్తున్నది. ఆ రథానికి తాళం కొట్టి పండుకున్నోడు ఎవడన్న ఉన్నడా?"

చప్పట్లు. చివరి వరసలో మనోరమ కళ్ళు తుడుచుకుంది. పొద్దున్నే వంట చేసి, హాస్టళ్ళలో పరీక్షలకు చదువుకునే పిల్లలకు మధ్యాహ్నం డబ్బాలు చేరవేసే మనిషి ఆమె. వీధంతా ఆమెను ‘డబ్బాల అక్క’ అంటుంది. నా మాటకు అంతగా కరిగేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నేను బడిలో చదివింది పదో తరగతి దాకా. మిగిలిందంతా నారాయణగూడలో మా పూజాసామాన్ల దుకాణంలో, అగరుబత్తుల వాసన మధ్య కూర్చుని, తాత్పర్యాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అయినా మాట వస్తున్నప్పుడు నాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

మెట్ల దగ్గర ఉమాకాంత్ ఆపాడు. మా పైఅంతస్తులో ఉంటాడు. సత్సంగానికి రాడు, అయిపోయేసరికి మాత్రం కచ్చితంగా మెట్ల మీద ఉంటాడు.

"స్వామీ, ఒక్క డౌటు. పవళింపు సేవ అయినంక దేవునికే బయట తాళమేస్తరు గద. ఆయన్నెవరు ఎత్కపోతరని?"

"నీకు వెటకారం ఎక్కువయింది ఉమాకాంత్."

"వెటకారం కాదు స్వామీ, పరేషాన్. నా కారుకు నేనైతే రెండు తాళాలేస్తున్న."

జవాబు అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది. గుడికి వేసే తాళం దేవుడి కోసం కాదు, నగల కోసం. రేపు చెప్పాలి.

జూన్ 29, ఆదివారం

అశోక్‌నగర్ గల్లీలో రక్షలు కట్టాను. పసుపులో ముంచిన నూలుదారం, మూడు ముళ్ళు, ప్రతి ముడికీ ఒక మంత్రం. ప్రతి కారులో డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పైభాగాన చుట్టాను. వాన వచ్చి వెలిసింది. గోడ మీది కాగితంపూలు రాలి కార్ల పైకప్పులన్నీ గులాబీరంగుకు తిరిగాయి. ఊరేగింపుకు సిద్ధం చేసిన పల్లకీల్లా నిలబడి ఉన్నాయి. నా గొంతు నాకే ఎక్కడో దూరం నుంచి వినపడింది.

మనోరమ కారు పాతదే. వెనక సీటు తీసేసి డబ్బాల కోసం చెక్కలు కొట్టించుకుంది. స్టీరింగుకు ఇనపకడ్డీ తాళం ఉంది. దాన్ని తీసి నాకు చోటిచ్చింది. దారం కట్టాక మళ్ళీ తాళం పెట్టబోయి ఆగింది.

"అన్నా, ఈ కడ్డీ వెడితె దారం ఒరుసుకుంటది. నాలుగు రోజుల్ల తెగుతది. రక్ష తెగితె అపశకునం గదా?"

గల్లీ అంతా నా వైపు చూస్తోంది. ఉమాకాంత్ బాల్కనీలో టీ తాగుతున్నాడు.

"ఇద్దరు కాపలాదారులెందుకమ్మా? ఒక్కర్ని నమ్ము!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఆమె తాళాన్ని కొంగులో చుట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది. వెనకాలే గల్లీలోని రామక్క, జగదీశ్వర్ కూడా వాళ్ళ తాళాలు తీసి లోపల పెట్టుకున్నారు. జగదీశ్వర్ నా కాళ్ళకు మొక్కాడు.

మా కారుకు రక్షను డ్రైవరు ముందుండే చిన్న అద్దానికి కట్టాను. స్టీరింగుకు కట్టలేదు. అద్దం చూపుకు గుర్తు. చూపు ముందు, చెయ్యి తర్వాత.

జూలై 1, మంగళవారం

సామాను కోసం రాంనగర్ వెళ్ళాను. అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్ళు లేరు. ఒక స్టీరింగు తాళం కొన్నాను. ఎర్రటిది, బరువైంది.

నవనీత కోసమే. వెనక వీధిలో కారు పోయిన దగ్గర్నుంచి ఆమె పొద్దున్నే లేచి కిటికీలోంచి కారు ఉందా లేదా అని తొంగిచూస్తోంది. ఇంటామెకు మనశ్శాంతి ఇవ్వడం గృహస్థధర్మం. గ్రంథంలో లేదా ఆ మాట? ఉంది. పేజీ ఎక్కడో గుర్తు రావడం లేదు.

తాళం పెట్టి, పైన గ్రంథానికి చుట్టే పాత ఎర్రగుడ్డ కప్పాను. దాని మీద కారుకు వెండిరంగు కవరు తొడిగాను. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు.

జూలై 2, బుధవారం

బాగా నిద్ర పట్టింది.

జూలై 4, శుక్రవారం

తెల్లవారుజామున కల.

మా తెల్లకారు కవరు కింద ఊపిరి పీలుస్తోంది. వెండిగుడ్డ పైకి లేస్తోంది, దిగుతోంది. కొంతసేపటికి కవరు తనంతట తనే జారిపోయింది. లోపల కారు లేదు, తెల్లగుర్రం ఉంది. మెడలో నేను కట్టిన పసుపుదారం. అది మెల్లగా చిక్కడపల్లి రోడ్డు మీదికి నడిచింది. మెట్రో స్తంభాలన్నీ గుడి స్తంభాలైపోయాయి. ఒక్కో స్తంభం దాటినప్పుడల్లా గంట మోగింది. నేను వెనకాల నడుస్తూ పిలుస్తున్నాను. నోరు తెరిస్తే దాని పేరు రావడం లేదు, శ్లోకాలు వస్తున్నాయి. నారాయణగూడ వంతెన ఎక్కి, అక్కడ ఒక్కసారి తల తిప్పి చూసింది. దాని కళ్ళు ఎవరివో తెలుసు. మెలకువ వచ్చేసరికి మర్చిపోయాను.

నవనీత కాఫీ ఇస్తూ అంది. "ఏందండీ, నిద్రల ‘తాళం, తాళం’ అంటున్నరు?"

"తాళం కాదు, భజనలో తాళం."

ఆమె నావైపు చూసింది. తెలుసు ఆమెకు. మొదటి రోజు నుంచీ తెలుసు.

"దేవుని గుడ్డ కప్పితె ఇనుము దేవుడైతదా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళకు సూక్ష్మం అర్థం కాదు. ఈ వాక్యం కొట్టేయాలి. కొట్టేయలేదు.

జూలై 5, శనివారం

కల దేవుడిచ్చిందే. ఇవాళ యాగాశ్వం కథ చెప్పాను. రాజు యాగం కోసం గుర్రాన్ని వదిలాడు. దాన్ని ఎవరో దాచారు. రాజు కొడుకులు భూమినంతా తవ్వి, పాతాళంలో తపస్సులో ఉన్న ముని పక్కన గుర్రాన్ని చూశారు. ఆయనే దొంగ అని మీద పడి, ఆయన కళ్ళు తెరిస్తే బూడిదైపోయారు.

"పోయిందాని కోసం ఏడవకున్రి. పోయేది ఎప్పుడూ మనది కాదు!"

ఇంకా బాగా చెప్పవచ్చు. కథలో ఏదో దాటవేస్తున్నానని చెబుతున్నప్పుడే అనిపించింది. ఏమిటో తెలియలేదు.

జూలై 7, సోమవారం

మనోరమ కారు పోయింది.

పొద్దున్నే ఫోను. "అన్నా, కారు లేదు" అని ఒక్కమాట. నేను వెళ్ళేసరికి గల్లీలో ఆ చోటు పొడిగా ఉంది. చుట్టూ అంతా వాన తడి, కారు ఉన్నంత మేర మాత్రం దీర్ఘచతురస్రంగా పొడినేల. దాని మీద కాగితంపూలు ఒక్కొక్కటే రాలి పడుతున్నాయి. ఆమె ఆ పొడిచోటు అంచున నిలబడి ఉంది, లోపల కాలు పెట్టకుండా.

స్టేషనుకు నేనే తీసుకెళ్ళాను. అక్కడ రచన అనే ఎస్సై అమ్మాయి కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి అడిగింది.

"స్టీరింగు తాళం లేకుండెనా అమ్మా?"

"ఉండె మేడం. తీసి ఇంట్ల వెట్టిన. రక్ష తెగుతదని."

"రక్షనా?"

మనోరమ నావైపు చెయ్యి చూపించింది. గర్వంగా చూపించింది. "అన్న కట్టిన్రు."

ఎస్సై రాయడం ఆపింది. నావైపు చూసి మళ్ళీ ఆమెతో మెల్లగా చెప్పింది. "దొంగకు టైం ఉండదమ్మా. తాళం కనపడితె పక్క కారుకు పోతడు. తాళం ఎంత గట్టిదని గాదు, కనపడుడు ముఖ్యం. ఇన్సూరెన్సోళ్ళకు ఇయ్యాలనే చెప్పున్రి, లేటు చెయ్యకున్రి."

కనపడడం ముఖ్యం.

బయటికి వచ్చాక మనోరమ అంది. "ఇన్సూరెన్సుకు ఇప్పుడే చెప్పనన్నా. చెప్తె పోయిందని ఒప్పుకున్నట్టైతది. మీ దారం ఉన్నది గద దానికి. తిరిగొస్తది."

నేను "చెప్పు" అనాలి. అనలేదు. తల ఊపాను. ఏ వైపు ఊపానో.

జూలై 8, మంగళవారం

మనోరమ దుకాణానికి వచ్చింది. చీర కుచ్చిళ్ళ దాకా తడిసి ఉంది. నిన్న డబ్బాలు ఆటోల్లో వేసుకుపోతే సగం ఒలికిపోయాయట. ఆలస్యమైందని హిమాయత్‌నగర్ వైపు హాస్టలు ఒకటి వేరే మెస్సుకు మారింది.

"పిల్లల తప్పు లేదన్నా. పరీక్షలున్నయి, పన్నెండున్నరకు కడుపుల పడాలె. మీ కారు జర మధ్యాహ్నం పూట ఇస్తరా? నాది వచ్చేదాక."

కర్పూరం డబ్బా తెరిచి మూశాను. మళ్ళీ తెరిచాను.

"బ్యాటరీ డౌనమ్మా."

"అట్లనా. ఫర్వలేదన్నా" అంది. పోతూ పోతూ చెమ్మగిల్లిన చేత్తో గ్రంథాన్ని తాకి కళ్ళకద్దుకుంది.

బ్యాటరీ నిజంగానే పాతది. ఎప్పుడైనా డౌనవ్వవచ్చు.

మధ్యాహ్నం దుకాణంలో కునుకు పట్టింది. మళ్ళీ గుర్రం. ఈసారి మనోరమ దాని వెనక నడుస్తోంది, నెత్తిన డబ్బాల దొంతర. నేను మంత్రం చదువుతున్నాను. ఆమె తిరిగి, "అన్నా, మంత్రం సరే, గుర్రం వెనక మనుషులేరి?" అంది. అరటిపళ్ళు అడగడానికి ఎవరో వచ్చి లేపారు.

జూలై 9, బుధవారం

దొరికింది. నేను దాటవేసింది దొరికింది.

గ్రంథం మళ్ళీ విప్పాను. యాగాశ్వాన్ని మంత్రాలతో పూజించి, నొసట బంగారురేకు కట్టి వదులుతారు. అంతవరకే నేను చెబుతూ వచ్చాను. తర్వాతి మాట అక్కడే ఉంది, నేనే పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాను. దాని వెనక సైన్యం నడుస్తుంది. అంత మంత్రం ఉన్న గుర్రానికి అంత సైన్యం ఎందుకు? మంత్రం మీద నమ్మకం లేకనా? కాదు. నమ్మినవాడే కాపలా కాస్తాడు. ఇచ్చినది దేవుడిదని నమ్మినవాడు దాన్ని గల్లీలో వదిలేసి పోడు.

ఇన్నేళ్ళూ నేను గుర్రం గురించి చెప్పాను. వెనక నడిచినవాళ్ళ గురించి ఒక్కనాడూ చెప్పలేదు.

శనివారం సత్సంగంలో చెబుతాను. సైన్యం సంగతి చెబుతాను. నా తాళం సంగతి చెప్పనక్కరలేదు. సూత్రం చెబితే చాలు.

జూలై 10, గురువారం. గురుపూర్ణిమ

పొద్దున్నే ఇల్లు నిండింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళు పళ్ళెంలో పెట్టించారు. రామక్క పాలు పోస్తోంది. జగదీశ్వర్ పూలు. బయట ముసురు. దీపాల వెలుగులో అందరి ముఖాలూ ఒకటే ముఖంలా, మెత్తగా, నీళ్ళలో కనపడుతున్నట్టుగా ఉన్నాయి. నేను కూడా ఎక్కడో పైనుంచి చూస్తున్నట్టు ఉంది.

మనోరమ దండ తెచ్చింది. వేసి మొక్కి వెంటనే లేచింది.

"ప్రసాదం తిని పో మనోరమా" అంది నవనీత.

"లేదక్కా, ఆటోలు దొరుకుతలేవు. వాన. ఇయ్యాల గూడ లేటైతె అశోక్‌నగర్ పెద్ద హాస్టలు గూడ పోతది. అది పోతె ఇగ పొయ్యి ఆర్పుడే."

నవనీత లోపలికి వెళ్ళింది. మేకుకు వేలాడే తాళంచెవుల గుత్తి చప్పుడు విన్నాను. ఏం జరగబోతోందో నాకు అప్పుడే తెలిసింది. లేవబోయాను. కాళ్ళు పాలలో ఉన్నాయి. రామక్క మడమలు పట్టుకుని ఉంది.

నవనీత అందరి ముందూ మనోరమ చేతిలో గుత్తి పెట్టింది. "బ్యాటరీ మంచిగనే ఉంది. నువ్వు నిన్న చెప్పినంక పొద్దుగాల నేనే స్టార్టు చేసి చూసిన. పెద్దది కారుది. చిన్నది..." ఒక్క క్షణం ఆగింది. "చిన్నది గూడ కావాలె నీకు. తీస్కపో, డబ్బాలు చల్లారుతయి."

కిటికీ పక్కనే కారు. కవరు లాగిన చప్పుడు. తలుపు తీసిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. లోపల వీళ్ళంతా పాట ఎత్తుకున్నారు. ఆ పాట కింద, చాలా చిన్నగా, తాళం తెరుచుకున్న టక్కు. అది వాళ్ళెవరికీ వినపడలేదు. నాకు గంటలా వినపడింది.

కారు వెళ్ళిపోయింది. నా కాళ్ళు తుడిచారు. నేను ఆశీర్వదించాను.

మధ్యాహ్నం దాటాక ఆమె వచ్చింది. అప్పటికి అందరూ వెళ్ళిపోయారు. తాళంచెవులు బల్ల మీద పెట్టింది.

"టైంకు అందినయన్నా. పెద్ద హాస్టలు నిలబడ్డది."

"మంచిదమ్మా."

"తాళం మంచిగుందన్నా. గట్టిగ పడ్తది. మల్ల వెట్టేసిన. ఏడ కొన్నరు?"

"రాంనగర్‌లో."

"ఎన్నడు?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఈసారి శ్లోకం కూడా తోడు వచ్చింది. రెండింటినీ మింగాను. "నీకు దారం కట్టిన రెండు రోజులకు."

ఆమె కిటికీ వైపు చూసింది. వాన తగ్గి ఎండ పొడ వచ్చింది.

"మీ గ్రంథం గుడ్డ గా తాళం మీదుండె. మడిచి సీట్ల వెట్టినన్నా. దేవునిది గద, ఇనుముకు చుట్టకున్రి."

ఇంకేమీ అనదనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగింది.

"మీకు భయమైందని నాకొక్క మాట చెప్తె అయిపోతుండె గదన్నా. నేను గూడ భయపడుతుంటి."

నవనీత వంటింట్లోంచి వచ్చి బల్ల మీది చెవులు తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టింది. "నీది దొరికేదాక ఇది నీ దగ్గర్నే ఉండనీ. ఈయన నడుస్తడు. నడిస్తె మంచిది ఈయనకు."

"ఇన్సూరెన్సుకు ఇవాళే చెప్పమ్మా" అన్నాను. నా గొంతులో ఉరుము లేదు. మామూలు మనిషి గొంతు వచ్చింది. "తిరిగి వస్తుందని నేను నిన్ను ఆపాను. ఆపకూడదు. ఇవాళే చెప్పు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అక్కడే గుమ్మంలో నిలబడి ఫోను తీసింది.

జూలై 11, శుక్రవారం

కల లేదు. ఖాళీగా, శుభ్రంగా నిద్ర.

పొద్దున్నే చిక్కడపల్లి గుడి దాకా నడిచాను. పూజారి అప్పుడే తాళం తీస్తున్నాడు. పెద్ద ఇత్తడితాళం, అరిగి మెరుస్తోంది. తీసిన తాళాన్ని ఆయన కళ్ళకద్దుకుని గూట్లో పెట్టాడు. రోజూ చూసేదే. ఇవాళ నిలబడి చూశాను. ఉమాకాంత్‌కు నేను వెతికిన జవాబు తప్పు. నగల కోసం కాదు. ప్రేమించినదానికి తలుపు వేస్తాం, అంతే.

తిరిగొస్తుంటే ఉమాకాంత్ మెట్ల మీద ఉన్నాడు. ఆపక ముందే చెప్పేశాను. నా తాళం సంగతి, బ్యాటరీ సంగతి, అన్నీ. వెటకారం వస్తుందనుకున్నాను. నెత్తి గోక్కున్నాడు.

"మరి మిగిలినోళ్ళు స్వామీ? ఇంకెందరు తాళాలు తీసిన్రో ఏమో. రామక్క కారైతే నిన్న గూడ దారంతోటే నిలబడ్డది. నిన్న నారాయణగూడల ఇంకోటి పోయిందంట."

"రేపు సత్సంగంలో చెబుతా."

"రేపటిదాక దొంగ ఉపాసం ఉంటడా స్వామీ?"

పైకి వచ్చి ఫోనులో సత్సంగం గ్రూపుకు గొంతు రికార్డు చేసి పెట్టాను. ఏం చెప్పానో ఇక్కడ రాసుకుంటున్నాను. మళ్ళీ మారిస్తే నాకు తెలియాలి.

"నేను కుమారస్వామిని. మీ తాళాలు తీపించినోణ్ణి నేనే. నా కారుకు మాత్రం దొంగతనంగ తాళం పెట్టుకున్న, దేవుని గుడ్డ కప్పి దాచిన. మనోరమ నన్ను నమ్మి పోగొట్టుకున్నది. యాగాశ్వం వెనక సైన్యం నడిచింది, ఆ మాట మీకు చెప్పకుండ దాటవేసిన. దారం నమ్మున్రి, తాళం పెట్టున్రి. పాలపాకెట్ కోసం దిగినా కారు తాళంచెవి తీసి జేబుల వేసుకోన్రి. చెవులు గుమ్మం పక్కన మేకుకు వేలాడదీయకున్రి, మా ఇంట్ల నుంచి గూడ తీసేసిన. వెలుగున్న కాడ, పదిమంది కళ్ళు వడేకాడ నిలబెట్టున్రి. కాగితాలు కార్ల ఉంచకున్రి. తాళం కనపడనీయున్రి, నా లెక్క దాచకున్రి. దారం అడ్డమైతె నేనే వచ్చి కోస్త. ఆ అపశకునం నా మీద."

విన్నవాళ్ళ గుర్తులు పడుతున్నాయి. రామక్క ఇంకా వినలేదు. ఆమెకు ఫోను ఎప్పుడూ పూజగదిలో ఉంటుంది. ఆమె కారు గల్లీ మలుపులో, దారం ఒక్కదానితో నిలబడి ఉంది.

నవనీత పూలు కోసే కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఇంకా ఏం రాస్తున్నావు కుమారస్వామీ? శనివారం చెప్పడం తేలిక. మైకు ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. రామక్క గుమ్మం ముందు ఏదీ ఉండదు. కలం మూయి. గ్రంథాన్ని ఇంట్లో ఉంచు, ఈ ఒక్కపూట ఉత్తచేతులతో పో. కత్తెర తీసుకో. మొదటి ముడి కోసి, ఆమె తాళం ఆమె చేతికిచ్చి, అది టక్కుమని పడేదాకా అక్కడే నిలబడు. తర్వాత జగదీశ్వర్ ఇల్లు. తర్వాత పక్కిల్లు.

రేపు కాదు. లే. ఇవాళే.